అమ్మ జ్ఞాపకార్థ కూడికలో మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెల్లించడం ఎలా?

సోదరీ, ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీకు వందనములు.

మీరు అడిగిన దానిని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అమ్మగారు చివరి సంవత్సరాలలో మతిమరుపు వ్యాధితో బాధపడి, మీ పేరును, తాము జీవితమంతా చేసుకున్న ప్రార్థనను కూడా మరచిపోయి, నిరుడు ప్రభువునందు నిద్రించారు. వచ్చే నెలలో తిరుపతిలోని మీ ఇంట్లో సంవత్సరపు జ్ఞాపకార్థ కూడిక జరగబోతోంది. బంధువులు దానిని కృతజ్ఞత కూడిక అంటున్నారు. నోరు స్తోత్రం అంటున్నా మనసు అనడం లేదని, ఇలాంటి స్థితిలో అందరి ముందూ కృతజ్ఞత చెల్లించడం అబద్ధమవుతుందేమోనని మీ భయం. పిల్లలకు ఏమి నేర్పాలని, దేవుణ్ణి మరచిపోయిన స్థితిలో కన్నుమూసిన అమ్మ విశ్వాసం సంగతేమిటని కూడా అడిగారు. చిత్తూరు, పుత్తూరు, తిరుపతి ప్రాంతాల సంఘాలలో చాలా కాలంగా కన్ఫర్మేషన్ క్లాసులు చెబుతూ, ఆదరణ కూడికలలో వాక్యం అందిస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తాను.

మీరు చివరగా అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదనే నిలబడి ఉన్నాయి. యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో, చెరలో నలిగిపోయిన సీయోను, అంటే యెరూషలేము, ప్రభువు నన్ను మరచిపోయాడని విలపిస్తుంది. దానికి వచ్చిన జవాబు మనందరికీ కంఠస్థమే: "స్త్రీ తన గర్భమున పుట్టిన బిడ్డను కరుణింపకుండ తన చంటిపిల్లను మరచునా? వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను." ఈ వచనం మీద ప్రసంగించేవారు చాలామంది తల్లి ఎన్నడూ మరువదని చెప్పి, దేవుడు అంతకంటే గొప్పవాడని ముగిస్తారు. వచనం అలా చెప్పడం లేదు. తల్లులు మరచిపోగలరని అది ఒప్పుకుంటుంది. మీ ఇంట్లో అక్షరాలా జరిగినది అదే. కన్నతల్లి బిడ్డ ముఖం చూసి నువ్వెవరమ్మా అని అడగడం కంటే లోతైన గాయం ఉండదు. ఆ గాయాన్ని లేఖనం దాటవేయకుండా, దాని పక్కనే నిలబడి, నేను నిన్ను మరువను అంటుంది. ఆ వెంటనే, నా అరచేతుల మీద నిన్ను చెక్కుకున్నాను అంటుంది. మీ అమ్మగారి విశ్వాసం ఆమె మెదడులో భద్రంగా ఉన్నంత కాలమే చెల్లుబాటు అయ్యేదైతే మనలో ఎవరికీ నిరీక్షణ లేదు, ఎందుకంటే నిద్రలో, జ్వరంలో, మత్తుమందు కింద మనమూ ఆయనను మరచిపోతూనే ఉంటాము. ఆమెను పట్టుకున్నది ఆమె జ్ఞాపకం కాదు, ఆయన జ్ఞాపకం.

బైబిలులో జ్ఞాపకం చేసుకోవడమనే పని మనకంటే ముందు దేవుడే చేస్తాడు. ఆదికాండము 8వ అధ్యాయం మొదటి వచనంలో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు, ఆ తరువాతనే నీళ్లు తగ్గడం మొదలవుతుంది. ఓడలో ఉన్నంత కాలం నోవహు పలికిన ఒక్క మాట కూడా గ్రంథంలో లేదు. ఆయన అక్కడ ఏమి ప్రార్థించాడో, అసలు ప్రార్థించగలిగాడో లేదో మనకు చెప్పబడలేదు. బిడ్డలు లేక ఏడ్చిన హన్నాను యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు. సిలువ మీది నేరస్థుడు తనకు తెలిసిన సిద్ధాంతమేదీ వల్లించకుండా, నన్ను జ్ఞాపకము చేసికొనుము అని మాత్రమే అడిగాడు, అది చాలింది. కాబట్టి చివరి రోజుల్లో మీ అమ్మగారు ప్రార్థన చేయలేకపోయారన్న బాధను ఇక్కడ దించుకోండి.

ఇంకొక మాట మీ లేఖలోనే ఉంది. మీ పేరు మరచిన తరువాత కూడా, ఎవరైనా పాత కీర్తన ఎత్తుకుంటే ఆమె పల్లవి అందుకునేవారని రాశారు. ఈ వ్యాధిలో సాధారణంగా దగ్గరి కాలపు జ్ఞాపకాలు ముందు చెదిరిపోతాయి, చిన్ననాట పదేపదే పాడుకున్న పాటలు ఎక్కువ కాలం నిలుస్తాయి. వైద్యులు చెప్పే ఈ సంగతి మన సంఘాలకు ఒక బాధ్యతను కూడా చూపిస్తుంది. సండే స్కూలులో ఆ చిన్నపిల్లకు కీర్తనలు నేర్పిన టీచరు ఎవరో, ఆమె నేర్పినది డెబ్బయ్యేళ్ల తరువాత అన్నీ కోల్పోయిన ఒక ముసలితల్లి నోట మిగిలింది. మీ కూడికలో చెల్లించవలసిన మొదటి కృతజ్ఞత నా దృష్టిలో ఇదే, ఇందులో అబద్ధం లేదు.

ఇక పెదవుల మీదనే ఆగిపోతున్న స్తోత్రం గురించి. మనం రోజూ చేసే ప్రార్థన ఎలా ఉంటుందో మీకు తెలుసు: గడచిన రాత్రియంతయు కాచి కాపాడినందుకు, ఈ నూతన దినమును అనుగ్రహించినందుకు, చేసిన మేలులన్నిటిని బట్టి స్తోత్రములు. ఈ మాటలు మంచివే, మన పెద్దలు మనకిచ్చినవే, వీటిని మానమని నేను ఎవరికీ చెప్పను. అయితే మేలులన్నిటిని బట్టి అన్నప్పుడు ఒక్క మేలు కూడా కళ్లముందు లేకపోతే ఆ మాటకు పట్టు దొరకదు. మీ మనసు రాయి అయిపోలేదు, దానికి పట్టుకోవడానికి మీరు ఏమీ ఇవ్వడం లేదు, అంతే. కృతజ్ఞత కలగడం లేదని మిమ్మల్ని మీరు గద్దించుకోవడం కంటే, జ్ఞాపకం చేసుకోవడమనే పనిని ముందు చేయండి. దావీదు తన ప్రాణంతో చెప్పుకున్నది కూడా ఆ క్రమంలోనే ఉంది: "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము." ఆ తరువాత ఆయన ఒక్కొక్క ఉపకారాన్నీ పేరు పెట్టి చెబుతాడు: క్షమించడం, కుదుర్చడం, సమాధిలోనుండి విమోచించడం.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పినది ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం. ఇశ్రాయేలు రైతు ప్రథమఫలాలను గంపలో పెట్టుకొని యాజకుని దగ్గరికి తేవాలి. గంప బలిపీఠం ముందు పెట్టాక అతడు చెప్పవలసిన మాటలు ఒక కుటుంబ చరిత్ర. నా తండ్రి నశించిపోతున్న అరామీ దేశస్థుడు అని అది మొదలవుతుంది. కొద్దిమందితో ఐగుప్తుకు వెళ్లడం, అక్కడ కఠిన దాస్యం, మొరపెట్టడం, యెహోవా విని చూసి బయటికి రప్పించడం, అన్నీ వరుసగా చెప్పిన తరువాతనే, ఇదిగో ఈ ఫలాలు తెచ్చాను అంటాడు. రెండు సంగతులు గమనించండి. మొదటిది, కృతజ్ఞత చెప్పే ఆ నోటితోనే అతడు ఆకలినీ దాస్యాన్నీ ఏడుపునూ చెబుతున్నాడు, వాటిని దాచిపెట్టి పంటను మాత్రమే చూపించడం లేదు. రెండవది, ఐగుప్తు దాస్యం జరిగి తరాలు గడిచినా, వారు మమ్మును బాధపెట్టారు, మేము మొరపెట్టాము అంటున్నాడు. తాను చూడనిదానిని తన జ్ఞాపకంగా చెప్పడం అతనికి ఆజ్ఞ. అంటే దేవుని ప్రజలలో జ్ఞాపకం ఒక్కరి తలలో ఉండే వస్తువు కాదు. ఒకరు మోయలేనప్పుడు మరొకరు మోస్తారు. మీ అమ్మగారు మరచిపోయిన ప్రార్థనను ఆమె పడక పక్కన మీరు చేశారు గదా, అది ఆ గంప దగ్గరి సంప్రదాయమే.

మన ప్రాంతంలో కోత పండుగ చేసే సంఘాలలో ఈ గంప ఇంకా కనబడుతుంది. వేరుశనగ, వడ్లు, బెల్లం, మామిడి, కొబ్బరికాయలు, కోడిపుంజులు, ఎవరికి కలిగినది వారు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన తరువాత వేలం వేస్తారు. వేలం మీద ఉన్న శ్రద్ధ ఆ సాక్ష్యం మీద కూడా ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వాన లేక వేరుశనగ ఎండిపోయిన ఏళ్లలో కూడా చారెడు కాయలు తెచ్చి పెట్టిన కుటుంబాలు చిత్తూరు పల్లెల్లో ఉన్నాయి. ఆ చారెడు వెనుక ఉన్న కథను ఎవరూ అడగకపోతే పిల్లలకు అది కాయలుగానే మిగులుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు ప్రమాదమని ఊళ్లు ఖాళీ చేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఎవరి మిద్దె మీద తలదాచుకున్నామో, ఎవరు అన్నం పొట్లాలు తెచ్చి ఇచ్చారో ఎన్ని ఇళ్లలో ఇంకా చెప్పుకుంటున్నారు? సంవత్సరాంతపు ఆరాధనలో పదిమంది ఆ పేర్లు చెప్పగలిగితే చాలు.

రోజువారీ అభ్యాసానికి వస్తాను. 16వ శతాబ్దపు కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా తన శిష్యులకు నేర్పిన దినాంతపు ఆత్మ పరిశీలనలో మొదటి మెట్టు పాపపు లెక్క కాదు, ఆ రోజు పొందిన మేలులకు కృతజ్ఞత. పాపాలు ఆ తరువాత వస్తాయి. నేను లూథరన్ వాతావరణంలో పెరిగినవాడినే అయినా ఈ క్రమం సరైనదని నమ్ముతాను, ఎందుకంటే తాను ఎంత పొందాడో చూడని మనిషి తాను ఎక్కడ తప్పాడో కూడా సరిగా చూడలేడు. రాత్రి పడుకోబోయే ముందు ఒక చిన్న నోటుపుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, ఒక్క మేలు రాయండి. అది నిర్దిష్టంగా ఉండాలి, ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆ మనిషి పేరు ఉండాలి. ఆరోగ్యం ఇచ్చినందుకు అని కాక, ఈ రోజు మెట్లు దిగేటప్పుడు ఎదురింటి అబ్బాయి సంచి అందుకున్నాడు అని రాయండి. మన పల్లెల్లో పాలకేంద్రం పుస్తకంలో పూటపూటకూ లీటర్లూ వెన్నశాతమూ రాసినట్లు, ఎక్కువ వచ్చిన పూటా తక్కువ వచ్చిన పూటా రాయడమే ఇందులో పని. ఏమీ లేదనిపించిన రోజున ఆ బాధనే రాయండి. 56వ కీర్తనలో దావీదు తన కన్నీళ్లు దేవుని బుడ్డిలో ఉన్నాయని, ఆయన కవిలెలో కనబడతాయని అంటాడు. దేవుని పుస్తకంలో కన్నీళ్లకు చోటున్నప్పుడు మీ నోటుపుస్తకంలో ఉండకూడదా?

మీ అమ్మగారి విషయంలో ఇంకొక పుస్తకం పెట్టమని కూడా చెబుతాను. వ్యాధికి ముందరి అమ్మను, వ్యాధిలోని అమ్మను, ఇద్దరినీ అందులో రాయండి. చాలామంది చివరి సంవత్సరాలను తుడిచివేసి మంచి రోజులను మాత్రమే తలచుకోవాలని ప్రయత్నిస్తారు, అది సాగదు, ఎందుకంటే ఆ చివరి సంవత్సరాలే రాత్రిళ్లు గుర్తుకు వస్తాయి. రాయగా రాయగా ఆ కష్టకాలంలో కూడా ఎవరెవరు వచ్చి నిలబడ్డారో, ఏ రోజున ఆమె హఠాత్తుగా నవ్విందో మీకే కనబడుతుంది. కనబడకపోతే బలవంతం చేయకండి.

దుఃఖంలో కృతజ్ఞత అబద్ధమవుతుందా అని అడిగారు. యోహాను సువార్త 11వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. లాజరు సమాధి దగ్గరికి వస్తూ యేసు కన్నీళ్లు విడిచాడు. కొద్ది వచనాల తరువాత, రాయి తీసివేసినప్పుడు, కన్నులెత్తి తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. మొదట ఏడ్చి, తప్పు తెలుసుకొని తరువాత స్తుతించాడని అక్కడ లేదు. రెండూ ఒకే హృదయంలోనుండి, ఒకే సమాధి ముందర వచ్చాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం ప్రభురాత్రి భోజనంలో ఉంది. పౌలు కొరింథీయులకు రాస్తూ ఆ రాత్రి పేరు చెబుతాడు: ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టెను ఎత్తుకొని, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, దానిని విరిచాడు. అమ్మివేసినవాడు బల్ల దగ్గర కూర్చున్న రాత్రి అది, మరునాటి మరణం తెలిసిన రాత్రి. ఆయన అప్పగింతకు కృతజ్ఞత చెప్పలేదు, రొట్టెకు చెప్పాడు. మీ నుండి దేవుడు కోరేది కూడా అదే. అమ్మను ఆ వ్యాధి తినివేసినందుకు మీరు స్తోత్రం చెప్పనక్కర లేదు, అలా చెప్పమని ఒత్తిడి చేసేవారు ఎంత భక్తిపరులైనా మీరు వినవలసిన పని లేదు. ఆ రాత్రిలో మీ చేతిలో ఉన్న రొట్టె ఏమిటో చూసి, దానికి చెప్పండి.

77వ కీర్తన రాసినవాడు మాట్లాడలేనంతగా కలవరపడ్డాడు. ప్రభువు నిత్యమూ విడనాడుతాడా, కృప చూపడం మరచిపోయాడా అని ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నలకు ఆ కీర్తనలో ఎక్కడా నేరుగా జవాబు లేదు. ఆయన చేసినది ఒక్కటే, పూర్వపు కార్యాలను మనసుకు తెచ్చుకోవడం. ఎర్ర సముద్రపు దారిని తలచుకుంటూ కీర్తన ముగిసిపోతుంది. లూథరన్ సంఘాల చరిత్రలో కూడా ఇలాంటి మనిషి ఒకరున్నారు. జర్మనీలో ముప్పై సంవత్సరాల యుద్ధకాలంలో ఐలెన్‌బర్గ్ పట్టణంలో కాపరిగా ఉన్న మార్టిన్ రింకార్ట్, 1637లో ప్లేగు వచ్చినప్పుడు వేలాదిమందిని సమాధి చేశారు, వారిలో ఆయన భార్య కూడా ఉన్నారు. ఆ యుద్ధకాలంలోనే ఆయన రాసిన కృతజ్ఞతా కీర్తనను నేటికీ లోకమంతటా పాడుతున్నారు. ఆ మనిషి దుఃఖం లేనివాడై రాయలేదు.

కృతజ్ఞత పేరుతో జరిగే కొన్నిటి గురించి హెచ్చరించాలి. సువార్తలలో తిరస్కరించబడిన ఒక కృతజ్ఞతా ప్రార్థన ఉంది, అది లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యునిది. ఇతరుల వలె ఉండనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు అన్నాడు అతడు. మన సాక్ష్య సమయాలలో ఈ స్వరం తెలియకుండానే వస్తుంటుంది: వారి పిల్లలకు రాని సీటు మా పిల్లకు వచ్చింది, అందరికీ తిరస్కరించిన వీసా మాకు దొరికింది. వెనుక వరుసలో బిడ్డలు లేని దంపతులు, ఉద్యోగం పోయినవాడు కూర్చొని వింటుంటారు. మీ కూడికలో ఎవరైనా వచ్చి, ఫలానావారి అమ్మ ఇంకా ఎక్కువ బాధపడింది, మీరు నయం, స్తోత్రం చెప్పండి అంటే, అది క్రీస్తు నేర్పిన కృతజ్ఞత కాదని తెలుసుకోండి. అలాగే, ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి, జీతం ఎగ్గొట్టబడిన పనివాడికి కృతజ్ఞత గలవారై యుండుడి అనే వచనం చదివి నోరు మూయించడం నేను చూశాను, అది వాక్యాన్ని దుర్వినియోగం చేయడమే. ఇంకొకటి కూడా సోదరీ: నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే, దానిని భక్తిలోపమని అనుకోకుండా ఒక మంచి వైద్యునికి చూపించుకోండి.

తిరుపతిలో ఉండే మనకు మొక్కు చెల్లించడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. అలిపిరి మెట్లెక్కే జనం ఏటికేడాది మన కళ్లముందే వెళుతుంటారు. అన్న మాట మరవకుండా ఎంత దూరం నుండి అయినా వచ్చి చెల్లించే ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. మన విశ్వాసంలో కృతజ్ఞత మాత్రం వేరే చోట మొదలవుతుంది. 116వ కీర్తనలో, యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును అని అడిగినవాడు, రక్షణపాత్రను చేతపట్టుకుంటాను అని జవాబిస్తాడు. తీర్చడానికి వచ్చినవాడు మళ్లీ పుచ్చుకుంటున్నాడు! ఆ తరువాతనే మొక్కుబళ్ల మాట వస్తుంది. కాబట్టి అమ్మ కోసం ఇంత ఖర్చు చేస్తేనే, ఇంతమందికి బిరియాని పెడితేనే ఋణం తీరుతుందన్న ఆలోచన మీ మీద పడనివ్వకండి. అప్పు చేసి కూడిక పెట్టవద్దని నేను అడిగిన ప్రతివారికీ చెబుతాను.

జ్ఞాపకార్థ కూడిక వాక్యానుసారమా అన్న సందేహం కొందరికి ఉంటుంది, మీ బంధువులలోనూ ఉండవచ్చు. ఈ ప్రాంతంలో జర్మనీ నుండి వచ్చిన హెర్మాన్స్‌బర్గ్ మిషనరీల కాలం నుండి వచ్చిన లూథరన్ సంఘాలున్నాయి. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను ద్వారా నాటబడి, తరువాత దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) భాగమైన సంఘాలు చిత్తూరు వైపు ఉన్నాయి. కతోలికులు, బ్రదరెన్‌వారు, పెంతెకొస్తువారు కూడా ఒకే వీధిలో ఉంటారు. కతోలికులు నవంబరు 2న మృతుల ఆత్మల కొరకు పూజ చేయించి ప్రార్థిస్తారు. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలలో మృతుల కొరకు కాక, వారి జీవితాలను బట్టి దేవునికి కృతజ్ఞత చెల్లిస్తారు. కొన్ని సంఘాలు అసలు ఇలాంటి దినాలే పాటించవు. మీ కాపరితో ముందుగా మాట్లాడి మీ సంఘపు క్రమాన్ని గౌరవించండి. అయితే ఒక మనిషి చేసినదానిని పేరు పెట్టి తలచుకోవడం మాత్రం ప్రభువు నేర్పినదే. బేతనియలో అత్తరు పోసిన స్త్రీ గురించి, సువార్త ఎక్కడ ప్రకటించబడినా ఈమె చేసినది జ్ఞాపకార్థంగా చెప్పబడుతుందని ఆయన అన్నాడు. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేర్లతో సహా తలచుకుంటాడు. మీ కూడికకు వాక్యభాగం కావాలంటే దీనికంటే తగినది నాకు తోచదు.

కూడికను క్లుప్తంగా ఉంచండి. ఒక గంటసేపు ప్రసంగానికి బదులు, అమ్మను ఎరిగినవారు నలుగురైదుగురు ఒక్కొక్క సంగతి మాత్రం చెప్పేలా ముందుగానే అడగండి. ఆమె మంచి ప్రార్థనాపరురాలు అనే మాట అందరూ అంటారు. ఏ ఏడు ఎవరి బిడ్డ జ్వరంతో ఉంటే ఆమె రాత్రంతా ఎక్కడ కూర్చుందో చెప్పగలిగినవారిని వెదకండి. ఆమె ఇష్టపడిన కీర్తనలు పాడించండి, చివరి రోజుల్లో ఆమె అందుకున్న పల్లవిని తప్పకుండా పాడించండి. మీరు మాట్లాడవలసి వచ్చినప్పుడు, నాకు ఇంకా దుఃఖం తీరలేదు, అయినా ఈ ఒక్కదానికి దేవునికి కృతజ్ఞత చెల్లిస్తున్నాను అని చెప్పి, ఆ ఒక్కటి ఏమిటో చెప్పి కూర్చోండి. ఎవరూ తప్పు పట్టరు, పట్టినా పరవాలేదు.

పిల్లల గురించి. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నడుమ నుండి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టించినది, పిల్లలు ఈ రాళ్లేమిటని అడగాలనే. పిల్లలను కూర్చోబెట్టి కృతజ్ఞత మీద పాఠం చెప్పడం కంటే, వారు అడగక తప్పని వస్తువు ఒకటి ఇంట్లో ఉంచడం మేలు. అమ్మగారి పాత బైబిలు, ఆమె గీతలు గీసిన పేజీలతో సహా, అల్మరాలో కాక పిల్లల చేతికి అందేచోట ఉంచండి. పిడికెడు బియ్యం అలవాటు మీ ఇంట్లో ఉండేదని రాశారు, దానిని మళ్లీ మొదలుపెట్టండి. పొయ్యి మీద ఎసరు పెట్టే ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, వారాంతానికి గుడికి గానీ అవసరంలో ఉన్నవారికి గానీ ఇచ్చే ఆ ఆచారం, బీద సంఘాలలో స్త్రీలు కానుక ఇవ్వడానికి చేతిలో డబ్బు లేని రోజుల నుండి నడుస్తోంది. ఇప్పుడు ఫోనులో కానుక పంపడం సులువే, కానీ పిల్లవాడు తన చిన్న చేతితో బియ్యం కొలిచి వేస్తూ ఇది ఎవరికి అని అడగడం ఫోనులో జరగదు. ఆ పిడికిలి పిల్లలదే కానివ్వండి.

చివరిగా, కృతజ్ఞత మనుషులకు కూడా చేరాలి. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగులలో తొమ్మిదిమంది చేసినది అవిధేయత కాదు. యాజకులకు చూపించుకొమ్మని ప్రభువు చెప్పినట్లే వెళ్లారు. ఒక్క సమరయుడు మాత్రం తాను బాగుపడడం చూసి, గొప్ప శబ్దంతో దేవుని మహిమపరుస్తూ, నడిచిన దారినే వెనక్కి వచ్చి ఆయన పాదాల దగ్గర పడ్డాడు. మన జిల్లా కుటుంబాలలో ఇలాంటి వెనుదిరిగే దారులు చాలా ఉన్నాయి. క్షయకు మందు లేని కాలంలో, 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనక మునుపు, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో గాలి, విశ్రాంతి, మంచి తిండి, నర్సుల సేవ మీదనే ఆధారపడి ఎందరో నెలల తరబడి పడుకున్నారు. మా తాత అక్కడ బ్రతికాడని చెప్పుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, కానీ అక్కడ సేవ చేసినవారి పేరు ఒక్కటైనా తెలిసిన ఇల్లు అరుదు. మీకు అలా జరగకూడదు, ఎందుకంటే మీకు పేర్లు తెలుసు.

అమ్మగారికి చివరి రెండేళ్లూ స్నానం చేయించి, అన్నం తినిపించిన ఆయా గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి దాటిపోయారు. మీరు ఆఫీసుకు వెళ్లినప్పుడు తలుపు తీసి చూసి వచ్చిన పక్కింటి అక్క గురించి కూడా అంతే. ఆమె కొండకు వెళ్లే మనిషి కాబట్టి కూడికకు పిలవాలా వద్దా అని సందేహించారు. తప్పకుండా పిలవండి, స్వయంగా వెళ్లి పిలవండి, వారిద్దరినీ ముందు వరుసలో కూర్చోబెట్టండి. కాపరిగారు ప్రార్థించే ముందు వారి పేర్లు ఒక కాగితం మీద రాసి ఇచ్చి, దేవుడు వారి చేతుల మీదుగా చేసినదానికి కృతజ్ఞత చెల్లించమని కోరండి. షామియానా పెద్దది వేయడానికి పక్కన పెట్టిన డబ్బుతో ఆయాకు ఒక మంచి చీర, ఒక నెల జీతం కవరులో పెట్టి, పిల్లల చేత ఇప్పించండి.